గుండ్లగుట్ట దగ్గర ఆపని కండక్టరు

పోయిన నెల ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "కండక్టర్ పోయిండు. వస్తవా?" అని అడిగింది. నేను బడికి బయలుదేరుతున్నాను. రానన్నాను. సెలవు దొరకదని సాకు చెప్పలేదు, అడిగితే దొరికేదే. రానని మాత్రమే చెప్పాను.

"చచ్చినోని మీద కోపమేందే," అంది అమ్మ.

"కోపం లేదు," అన్నాను. అబద్ధం కాదు. కోపం సాటి మనిషి మీద వస్తుంది. ఆయన మీద నాకున్నది అంతకంటే ఒక మెట్టు కిందిది. దాన్ని ఏళ్ల తరబడి చెడిపోకుండా కాపాడుకుంటూ వచ్చాను. ఆయన పోయినంత మాత్రాన దాన్ని పారేయబుద్ధి కాలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మర్యాద కోసం కాదు. బస్సులో పని చేసినన్నాళ్లూ ఆయన మా ఊరి పేరు ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. నేను ఆయన పేరు రాయకపోతే పెద్ద అన్యాయమేమీ జరగదు. కండక్టరు అంటే చాలు, మా గుట్ట మీద అందరికీ తెలుస్తుంది.

మాది గుండ్లగుట్ట. పట్నం నుంచి మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డు పక్కనే కనపడుతుంది. పేద్ద గుండ్రటి బండలు ఒకదాని మీద ఒకటి, ఎవరో పని మధ్యలో వదిలేసి పోయినట్టు ఉంటాయి. వాటి సందుల్లో ఇళ్లు. కొండ అని చెప్పుకునేంత ఎత్తు కాదు గానీ, నీళ్ల బిందెతో ఎక్కితే మధ్యలో ఒకసారి ఆగాల్సి వస్తుంది. ఈ రోడ్డు వేసేటప్పుడు కంకర కొట్టడానికి వచ్చినవాళ్లు రోడ్డు అయిపోయాక కూడా పోలేదు. మా తాత అందులో ఒకడు. గుట్ట నడినెత్తి మీద నుంచి రెండు పంచాయతీల హద్దు పోతుంది. ఇటు వాలు ఇళ్లవాళ్ల ఓట్లు ఒక ఊళ్లో, అటు వాలు ఇళ్లవాళ్ల ఓట్లు ఇంకో ఊళ్లో. వీధి దీపం పోతే ఈ సర్పంచి ఆ సర్పంచిని చూపిస్తాడు, ఆయన ఈయన్ని చూపిస్తాడు. నా సర్టిఫికెట్లలో రాసి ఉన్న ఊళ్లో నేను ఒక్క పూట కూడా ఉండలేదు. సర్కారు లెక్కలో మేం ఊరు కాదు, బండలం.

గుట్ట కింద నుంచే బస్సులు పోతాయి. కానీ మాకు స్టేజి లేదు. మొయినాబాద్ వైపు స్టేజి వెనకెక్కడో ఉండిపోతుంది, చేవెళ్ల వైపుది చాలా ముందుకు పోతేగానీ రాదు. మధ్యలో మేం. చాలామంది కండక్టర్లు గుట్ట దగ్గర ఒక క్షణం ఆపేవాళ్లు. మనసు బాగా లేని రోజు ఆపేవాళ్లు కాదు. మనుషులన్నాక అంతే. ఈయన మాత్రం ఎన్నడూ ఆపలేదు. ఆయనకు అది మనసుకు సంబంధించిన విషయం కాదు, సిద్ధాంతం.

నేను చేవెళ్లలో ఇంటరు చదివే రోజుల్లో సాయంత్రం బస్సు ఆయనదే. బస్సు మధ్యలో ఉండే కడ్డీకి భుజం ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, బస్సు ఎంత ఊగినా ఊగకుండా నిలబడేవాడు. బొటనవేలు నాలుకకు తాకించి టికెట్టు చింపేవాడు. ఎదుటి మనిషి మొహం చూసేవాడు కాదు, చేతులు చూసేవాడు. ఆ చేతిలో ఏముందో, ఏం లేదో అంతవరకే ఆయనకు మనిషి.

"ఎక్కడికి?"

"గుండ్లగుట్ట సార్."

"అసొంటి ఊరు లేదు. చార్టుల ఉన్న పేరు చెప్పు."

రోజూ ఇదే. రోజూ నేను గుండ్లగుట్ట అనే చెప్పేదాన్ని. రోజూ ఆయన ముందు స్టేజికి టికెట్టు చింపి ఇచ్చేవాడు. ఒకరోజు నాకు ఎక్కడి ధైర్యం వచ్చిందో, "మరి మేమంత ఎక్కడ ఉంటున్నం సార్?" అని అడిగాను.

ఆయన నాకు జవాబు చెప్పలేదు. బస్సుకు చెప్పాడు. "బండల సందుల బల్లులు గూడ ఉంటయి. వాటికి స్టేజి ఇస్తమా?"

బస్సంతా నవ్వింది. నవ్వినవాళ్లలో మా గుట్టవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను. దిగి నడవాల్సినవాళ్లు కండక్టరుతో కలిసి నవ్వక తప్పదు. ఆయన మాత్రం నవ్వలేదు. తాను చెప్పింది హాస్యం అని ఆయనకు తెలియదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఆ మరుసటి ఏడు అమ్మ కంటికి దెబ్బ తగిలింది. క్వారీలో కంకర కొడుతుంటే రాతి పలుకు ఎగిరి కంట్లో పడింది. పట్నంలో కంటి దవాఖానలో ఆపరేషన్ చేశారు. దుమ్ము తగలొద్దు, నీళ్లు పడొద్దు, కుదుపులు వద్దు అని చెప్పి పంపించారు. మెహదీపట్నంలో బస్సు ఎక్కాక చూస్తే ఈయనే. మొయినాబాద్ వచ్చేసరికి వాన మొదలైంది. అమ్మకు కంటి మీద తెల్లటి కట్టు, దాని మీద నా చున్నీ. నేను లేచి ఆయన దగ్గరికి పోయాను.

"సార్, మా అమ్మకు ఆపరేషన్ అయింది. నీళ్లు పడొద్దన్నరు. ఇయ్యాల ఒక్క దినం గుట్ట కాడ ఆపుండ్రి."

ఆయన అమ్మ వైపు చూశాడు. మొహం చూడడం అదే మొదటిసారి అనుకుంటా. "కంటికి కట్టు కడితె చార్టు మారుతదా?" అన్నాడు.

డ్రైవరు మా మాటలు విన్నట్టున్నాడు. గుట్ట దగ్గరికి రాగానే బండి నెమ్మది చేశాడు. అద్దంలోంచి వెనక్కి చూశాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని లేపాను. అప్పుడు ఈయన తాడు అందుకుని రెండుసార్లు గంట కొట్టాడు. రెండుసార్లు అంటే పొమ్మని. డ్రైవరు ఇంకో క్షణం చూసి, గేరు మార్చాడు.

ముందు స్టేజిలో దిగి వానలో వెనక్కి నడిచాం. లారీలు పోతుంటే రోడ్డు మీది నీళ్లు నడుము దాకా ఎగిరాయి. ఎరువుల సంచి ఒకటి దొరికితే అమ్మ తల మీద కప్పాను. అమ్మ ఒక చేత్తో సంచి అంచు, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని, "ఉరుకకు బిడ్డా. నీళ్లు కంట్ల పోకుండ చూడు, సాలు," అంటూ నడిచింది. ఆయన్ని ఒక్క మాట అనలేదు. వారం తిరక్కముందే ఆ కన్ను చీము పట్టింది. చూపు సగమే వచ్చింది. వాన వల్ల అని డాక్టరు అనలేదు, కాదని కూడా అనలేదు. నేను మాత్రం నా తీర్పు అప్పుడే ఇచ్చుకున్నాను.

తర్వాత నాకు పెళ్లయింది. మా ఆయన ఉద్యోగం కొండకల్ దగ్గర ఫ్యాక్టరీలో, నాది శంకర్‌పల్లిలో బడి. ఒకసారి సెలవులకు గుట్టకు వస్తే, రోడ్డుకు ఆనుకుని కొత్తగా స్లాబు ఇల్లు ఒకటి కనపడింది. గేటుకు ఆకుపచ్చ రంగు. గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో లుంగీ కట్టుకుని ఆయన కూర్చుని ఉన్నాడు.

నేను ఇంట్లోకి పోయి, "వీడెందుకు ఇక్కడున్నడు?" అని అడిగాను.

"గట్ల అనకు. కండక్టర్ సాబ్ మనూరికే వచ్చిండు. రిటైరైండు," అంది అమ్మ, చుట్టం వచ్చినట్టు.

ఎవరో బ్రోకరు ఆయనకు హైవే ఫేసింగ్ జాగా అని అమ్మాడట. ఎదురుగా విల్లాలు లేస్తున్నాయి, ఎంకపల్లి దాకా వెంచర్లే, రేపోమాపో ధర ఎక్కడికో పోతుందని చెప్పాడట. ఈ జాగా మాత్రం చవక. ఎందుకంటే దీనికి కాగితాలు లేవు. ఏ పంచాయతీదో తేలదు. జీవితమంతా కాగితం మీద లేనిది లేనట్టే అన్న మనిషి, కాగితం లేని జాగా చవగ్గా వస్తుందంటే కొనేశాడు. మా బండల సందులోకి వచ్చి పడ్డాడు.

ఉద్యోగం పోయినా ఆయన ఒంట్లోంచి బస్సు దిగలేదు. ఇంట్లో కూడా గుమ్మానికి భుజం ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, నేల ఎప్పుడైనా ఊగవచ్చన్నట్టు నిలబడేవాడు. గేటు ముందు నుంచి ఎవరు పోయినా "ఎక్కడికి?" అనేవాడు. చెప్తే, టికెట్టు ఇచ్చినట్టు తల ఆడించి వదిలేవాడు. పెళ్లి భోజనాల దగ్గర బంతిలో కూర్చున్నవాళ్లను "లోపలికి జరుగుండ్రి, లోపల ఖాళీ ఉన్నది" అని తోసేవాడు. మా గుట్టవాళ్లు జరిగేవాళ్లు. అదే నాకు ఒళ్లు మండే సంగతి. ఎవరూ ఆయన్ని పాతవి అడగలేదు. పైగా సాబ్ అన్నారు. గుట్ట మీద ఉద్యోగం పెన్షన్ వచ్చే మనిషి ఆయనొక్కడే మరి.

ఆయన భార్య వేరే రకం. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. మా ఇంటికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని బంతిపూలు దండ గుచ్చేది. అప్పటికి అమ్మ కంకర పని మానేసి చాలా కాలమైంది. చుట్టుపక్కల తోటల్లో పూలు కొని మెహదీపట్నం తీసుకుపోయి అమ్ముకునేది. సగం చూపుతో పూలు గుచ్చవచ్చు, రాళ్లు కొట్టలేం.

ఒక ఆదివారం విల్లాల్లో ఉండే సాఫ్ట్‌వేర్ దంపతులు నడకకు వచ్చి ఆయన గేటు ముందు ఆగారు. కోస్తా వైపు వాళ్లు. ఆ అమ్మాయికి మా గుట్ట తెగ నచ్చినట్టుంది, బండలకు ఫోటోలు తీస్తోంది. ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కారున్నవాళ్లను చూస్తే ఆయన వెన్ను దానంతట అదే కొంచెం వంగేది. అమ్మ, నేను పూల సంచులు దించుకుని ఆ గోడ పక్కనే కూర్చుని ఉన్నాం.

"ఇక్కడ బస్సు ఆగుతుందాండీ? మా పనమ్మాయి ఇక్కడి నుంచే రావాలి," అని అడిగింది ఆ అమ్మాయి.

"ఇప్పటోళ్లు ఆపరమ్మా. నా టైముల నేను ఆపేటోణ్ణి," అన్నాడు ఈయన. "స్టేజి లేదు, రూల్ ఒప్పుకోదు. అయినా ఆపేటోణ్ణి. మనిషన్నంక జర దయ ఉండాలె గదా. అగో, ఆమెను అడుగుండ్రి. ఆమెకు కంటి ఆపరేషన్ అయిన దినం, వాన కొడుతుంటే, నేనే బస్సు ఆపి, చెయ్యి పట్టి దింపిన."

నేను ఆయన వైపు చూశాను. మొహంలో ఎక్కడా తడబాటు లేదు. వాన గుర్తుంది. కన్ను గుర్తుంది. అన్నీ గుర్తున్నాయి. గంట కొట్టడం ఒక్కటే మార్చుకున్నాడు.

"ఎంత మంచి మనసండీ మీది," అంది ఆ అమ్మాయి. అమ్మ వైపు తిరిగి, "అవునా అమ్మా?" అని అడిగింది.

అమ్మ తల ఊపింది.

 ఇంటికి పోయాక, "ఎందుకు ఊపినవ్?" అన్నాను.

"ఆయన డిపోల మాట్లాడి మనకు స్టేజి ఏపిస్త అంటున్నడే. ఆయన మాట ఆడ నడుస్తదట. ఊపితె ఏం పోతది? తలకాయ నాదే గదా."

"కన్ను గూడ నీదే."

"కన్ను ఎట్లనో పాయె. స్టేజన్న రానీ."

అప్పుడు నాకు అర్థమైంది. గుట్ట మొత్తం ఆ ఆశతోనే ఆయన చుట్టూ తిరుగుతోంది. ఒకరు పాలు ఇచ్చిపోతారు, ఒకరు పాలకూర కట్టలు గేటుకు తగిలించి పోతారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని అప్పుడప్పుడు పట్నం పోయేవాడు. సాయంత్రం తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, "ఫైలు పైకి పోయింది," అనేవాడు. ఇంకోసారి, "సంతకమే బాకీ ఉన్నది," అనేవాడు. వినేవాళ్లు ఆయన నోటి వంక చూస్తూ నిలబడేవాళ్లు. ఆయనకు కావాల్సింది అదేననుకుంటా. బస్సులో ఉన్నప్పుడు జనం ఆయన మాట కోసం నిలబడేవాళ్లు, మళ్లీ ఇప్పుడు నిలబడ్డారు.

ఇంతలో సర్కారు ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితం చేసింది. అమ్మలాంటివాళ్లకు అది పెద్ద మేలు. కానీ రోడ్డు పక్కన గంపలతో ఆడవాళ్ల గుంపు కనపడితే కొందరు డ్రైవర్లు వేగం పెంచడం మొదలుపెట్టారు. స్టేజి లేని చోట అయితే చెప్పనే అక్కర్లేదు. ఈయన కుర్చీలోంచి అంతా చూస్తూ, "ఉత్తగ ఎక్కెటోళ్ల కోసం బస్సు ఎందుకు ఆగుతది?" అనేవాడు. మోకాళ్లు అరిగిపోయి తానే స్టేజి దాకా నడవలేని స్థితికి వచ్చాడు. ఆటోకు డబ్బులు పెట్టాలంటే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. అందుకని ఆయన కూడా రోడ్డు మీదికి వచ్చి చెయ్యి ఎత్తేవాడు. ఆయన వెనక గంపలతో మా ఆడవాళ్లు ఉండేవాళ్లు. బస్సు ఆగేది కాదు. "ఒక్క నిమిషం ఆపితె ఏం పోతది వీనికి?" అని పోయే బస్సును తిట్టేవాడు. ఆ మాట నా చెవులతో విన్నాను. విని, నవ్వుకున్నాను.

ఈ మధ్య దసరా సెలవుల్లో నేను అమ్మ దగ్గర ఉన్నాను. బతుకమ్మ రోజులు. పూలకు ఏడాది మొత్తంలో ఇంత గిరాకీ ఇంకెప్పుడూ ఉండదు. పొద్దు పొడిచేసరికి బంతి, చామంతి గంపలతో మేం నలుగురైదుగురం రోడ్డు మీదికి వచ్చాం. ఇస్త్రీ చొక్కాతో ఈయన కూడా వచ్చాడు. రెండు బస్సులు ఆగకుండా పోయాయి. అప్పుడు ఆయన చెయ్యి ఆడించి అందర్నీ దగ్గరికి పిలిచాడు.

"మిమ్ములను జూసి ఆపుతలేరు. నా మాట ఇనుండ్రి. మీరంత ఆ బండ సాటుకు పొండ్రి. నేనొక్కణ్ణే నిలబడత. మొగమనిషి, టికెట్ కొనెటోడు అనుకొని ఆపుతడు. ఆగినంక ఉరికి రండ్రి."

నాకు నమ్మకం లేదు. అమ్మ మాత్రం అప్పటికే గంప ఎత్తుకుంది. అందరం పోయి బండ వెనక నిలబడ్డాం. చదువుకున్నదాన్ని, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, పూల గంప నెత్తిన పెట్టుకుని బండ చాటున దాక్కున్నాను.

బస్సు వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తాడు. ఆగింది. మేం గంపలు పట్టుకుని పరుగెత్తాం. ఆయన మెట్టు ఎక్కాడు, మోకాలు పట్టుకుని రెండో మెట్టూ ఎక్కాడు. వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. మేం ఇంకా కొన్ని అడుగుల దూరంలో ఉన్నాం. ఆయన అరచేత్తో బస్సు రేకు మీద రెండుసార్లు చరిచాడు.

బస్సు కదిలిపోయింది.

గంపలు నేల మీద దించాం. తర్వాత వచ్చిన బస్సులు ఆగలేదు. ఆటో దొరికి అమ్మ మెహదీపట్నం చేరేసరికి ఎండెక్కింది, బేరాలు అయిపోయాయి, పూలు సగం వాడిపోయాయి. సాయంత్రం వచ్చేటప్పుడు అమ్మ నేరుగా ఆయన గేటు ముందుకు పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"గట్ల చేస్తివేంది సాబ్?" అంది.

"నేనేం చేసిన?" అన్నాడు గుమ్మానికి ఆనుకుని. "బస్సన్నంక టైముకు పోవాలె గదా. మీరొచ్చి గంపలు ఎక్కించి, అది ఎప్పుడు కదలాలె?"

 అమ్మ గంప ఎత్తుకుని గుట్ట ఎక్కింది.

వెనకాలే ఆయన భార్య వచ్చింది. మా ఇంటి గడప మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"అక్కా, నీకు చెప్పకుంటె నాకు నిద్ర పట్టదు. ఆయన డిపోకు పోతలేడు. ఎన్నడు పోలే. మెహదీపట్నంల హోటల్ల పాత దోస్తులతోని కూసుంటడు, చాయ తాగుతడు, వస్తడు."

"ఫైలో?" అంది అమ్మ.

"ఏం ఫైలు? నేను తల్లిగారింటి నుంచి ఆయన బస్సులనే వచ్చేదాన్ని. సంకల పిల్ల ఉన్నా మా గల్లీ కాడ ఆపలే. బస్సెక్కితె నేను ఆయనకు పెండ్లాన్ని గాను, ప్యాసింజర్ను. మీకు స్టేజి ఏపిస్తడని ఎట్ల నమ్మిండ్రక్కా?"

నేను అమ్మ మొహం చూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. అమ్మ లేచి, ఆమె ముందు గిన్నెలో ఇంత అన్నం పెట్టి, "తిని పో," అంది. తర్వాత బయటికి పోయి ఇల్లిల్లూ తిరిగింది. ఏం చెప్పిందో నేను వినలేదు.

మరుసటి రోజు పొద్దున రోడ్డు మీదికి మా వాలు వాళ్లే కాదు, అవతలి వాలు ఆడవాళ్లు కూడా దిగి వచ్చారు. రెండు పంచాయతీల వాళ్లు ఒక్కచోట నిలబడడం నేను ఎన్నికల్లో కూడా చూడలేదు. ఎవరూ రోడ్డు పక్కన నిలబడలేదు. గంపలు తీసుకుపోయి నడిరోడ్డు మీద వరుసగా పెట్టారు. పసుపు బంతి, ఎర్ర బంతి, తెల్ల చామంతి. వాటి వెనక మనుషులు.

ఈయన కూడా సంచీ పట్టుకుని వచ్చాడు. చూసి నిలబడిపోయాడు. "ఏం జేస్తున్నరే? రోడ్డు ఆపితె కేసయితది. పోలీసోళ్లొస్తరు. నాకేం సంబంధం లేదు," అంటూ బండ చాటుకు పోయి నిలబడ్డాడు.

బస్సు దూరం నుంచే హారన్ కొట్టుకుంటూ వచ్చి, గంపల ముందు కీచుమంటూ ఆగింది. కండక్టరు కిందికి దిగింది. చిన్న వయసు పిల్ల, ఖాకీ చొక్కా, మెడలో టికెట్టు మిషను.

"ఏందవ్వా, సచ్చేదానికి వచ్చిండ్రా?"

"ఎక్కేదానికి బిడ్డా," అంది అమ్మ. "మేం ఈ గుట్ట మీద ఉంటం. పూలమ్ముకుంటం. రోజు ఈడ్నే ఎక్కుతం, ఈడ్నే దిగుతం. ఆపుతవా?"

ఆ పిల్ల గుట్ట వైపు తలెత్తి చూసింది. బండల మధ్య ఇళ్లు, ఇళ్ల మీద డిష్ గొడుగులు, కిందికి చూస్తూ నిలబడ్డ ముసలివాళ్లు. రోజూ ఇదే దారిన పోతూ ఎప్పుడూ చూడనట్టే చూసింది.

"ఇంతమంది ఉంటరా ఈడ?" అంది. "సరే, నా డ్యూటీ ఉన్నన్ని రోజులు ఆపుత. మిగిలినోళ్లకు గూడ చెప్త. ఇప్పుడు గంపలు తియ్యుండ్రి, జల్ది ఎక్కుండ్రి."

అంతే. డిపో లేదు, ఫైలు లేదు, సంతకం లేదు. ఇప్పటికీ ఏ చార్టులోనూ మా పేరు లేదు. కానీ ఆ రోజు నుంచి బస్సు ఆగుతోంది.

అందరూ గంపలు ఎక్కించి ఎక్కేశాక, ఈయన బండ చాటు నుంచి బయటికి వచ్చి కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. డ్రైవరు గేరు వేశాడు. బస్సు మెల్లగా కదిలింది. నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. నోరు విప్పలేదు, విప్పాలని కూడా అనిపించలేదు. అమ్మ లేచి డ్రైవరును కేకేసింది.

"ఆపు బిడ్డా, ముసలోడు ఉన్నడు."

బస్సు ఆగింది. అమ్మ తలుపు దాకా పోయి చెయ్యి ఇచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని, మూలుగుతూ రెండు మెట్లూ ఎక్కి, ముందు సీట్లో కూలబడ్డాడు. అమ్మకు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఊపిరి సర్దుకున్నాక చొక్కా సరిచేసుకుని, టికెట్టు మిషను పట్టుకుని వచ్చిన ఆ పిల్లతో గొంతు పెంచి అన్నాడు:

"నేను మీ డిపార్ట్‌మెంటే బిడ్డా. వీళ్లకు ఇట్ల నిలబడుమని చెప్పింది నేనే."

ఆ పిల్ల అమ్మ వైపు చూసింది. బస్సులో ఉన్న మా గుట్టవాళ్లంతా అమ్మ వైపే చూశారు. అమ్మ గంప మీద తడిగుడ్డ సర్దుకుంటోంది. సర్దడం పూర్తయ్యాక తలెత్తి చెప్పింది.

"మాకు ఉత్తగనే. ఆయనకు టికెట్ కొట్టు బిడ్డా."